మరమ్మతులోని మర

తెలుగులో ఏ వస్తువుకి ఆ బాగుచేత ఉంది. గుడికి జీర్ణోద్ధరణ, రాజ్యాంగానికి సవరణ, చిల్లుపడ్డ బిందెకి మాటు, రాగి గిన్నెకి కళాయి, తెగిన చెప్పుకి కుట్టు, కుంగిన నులక మంచానికి బిగింపు, అరిగిన తిరగలికి గంట్లు, మొద్దుబారిన కొడవలికి కక్కు. ఎవరు చేసే పనో, ఏ పనిముట్టుతో చేసే పనో మాటలోనే తెలిసిపోతుంది. గంట్లు అనగానే ఉలి మోత వినిపిస్తుంది, కళాయి అనగానే కొలిమి తిత్తి కనిపిస్తుంది. ఇన్ని మాటలున్న ఇంట్లోకి దూరదేశపు మాట ఒకటి వచ్చి వీటన్నిటికీ పెద్దదిక్కయి కూర్చుంది. అదే మరమ్మతు. దాని వెనకే ఇంగ్లీషు నుంచి రిపేరు వచ్చింది. సైకిళ్ళు, ఫ్యాన్లు, సెల్‌ఫోన్లు రిపేరు పాలయ్యాయి. రోడ్లు, కాలవ గట్లు, మంచినీటి పంపులు, ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం ఇప్పటికీ మరమ్మతు దగ్గరే ఉన్నాయి. పదిమందికీ చెందిన వస్తువైతే మరమ్మతు, ఒక్కరి వస్తువైతే రిపేరు అని ఎవరూ గీత గీయలేదు గానీ, పంచాయతీ తీర్మానాలు చదివితే ఆ గీత కనిపిస్తుంది.

ఈ మాటని నేను పట్టి పట్టి చూడడానికి కారణం ఒక పాత రాచెట్. అమలాపురంలో పాత ఇనప సామాను కొట్లో, పడవ మేకులూ విరిగిన పైపు ముక్కలూ కలిసిన గుట్టలో దొరికింది. తూకానికే ఇచ్చారు. పిడి జానెడు పైన ఉంటుంది. పోత పని కాదు, కాల్చి సాగగొట్టిన ఉక్కు. పిడి మీద తయారీవాళ్ళ అక్షరాలు ఒకప్పుడు ఉండేవని వేలితో తడిమితే తెలుస్తుంది, చదవడానికి మాత్రం తుప్పు ఏమీ మిగల్చలేదు. సాకెట్టు తగిలించే నలుపలకల ముక్కు చెక్కుచెదరలేదు. లోపలి యంత్రం మాత్రం పట్టు తప్పింది. ఎటు తిప్పినా తిరుగుతోంది, ఎటూ బిగించడం లేదు.

రాచెట్‌తో పనిలేని వాళ్ళకి దాని సంగతి కొంచెం చెప్పాలి. మామూలు పానాతో నట్టు బిగిస్తే, చెయ్యి తిరిగినంత మేర తిప్పాలి, పానా తీయాలి, మళ్ళీ పెట్టాలి, మళ్ళీ తిప్పాలి. బోటు ఇంజను పక్కన నాలుగు వేళ్ళు కూడా దూరని చోట ఇది నరకం. రాచెట్ అయితే తీసే పని లేదు. ముందుకి తోస్తే నట్టు తిరుగుతుంది, వెనక్కి లాగితే పిడి ఒక్కటే వస్తుంది, నట్టు ఉన్నచోటే ఉంటుంది. తలకాయ లోపల పళ్ళచక్రం, ఆ పళ్ళకి ఆనుకుని చిన్న నాలిక, నాలికని పళ్ళ మీదకి తోస్తూ ఒక స్ప్రింగు ఉంటాయి. ఇంతే యంత్రం. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు రిచర్డ్‌సన్ అనే ఆయన ఇలాంటి రాచెట్ పానాకి 1863లో పేటెంటు తీసుకున్నాడు. 1920లో మిల్వాకీలో పుట్టిన స్నాప్-ఆన్ కంపెనీ, ఒకే పిడికి రకరకాల సాకెట్లు మార్చుకునే పద్ధతిని మెకానిక్కుల ఇళ్ళకి చేర్చింది. ఇప్పటి రాచెట్లలో వీపు మీద బొత్తాం నొక్కితే సాకెట్టు ఊడి చేతిలోకి వస్తుంది. అది సియర్స్ దుకాణంలో గుమాస్తాగా ఉన్న పీటర్ రాబర్ట్స్ అనే కుర్రవాడు 1960లలో కనిపెట్టిన ఏర్పాటు. నా దానికి ఆ బొత్తాం లేదు. అదొక్కటే రుజువు కాదు గానీ, పిడి మీద సాగగొట్టిన తీరు కూడా చూస్తే ఆ బొత్తాంకి ముందు కాలపుదే అనుకుంటున్నాను.

ఓడలరేవులో బోటు ఇంజన్లు బాగుచేసే షెడ్డుకి దాన్ని పట్టుకెళ్ళాను. పెద్ద మేస్త్రి చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. "ఆయ్, దీనికి రిపేరొచ్చిందండి మాస్టారూ. రిపేరు చేసుకుంటే మళ్ళీ రిపేరు రాదండి" అన్నాడు.

ఆ మాట మీదే నా మనసు ఆగిపోయింది. రిపేరొచ్చింది అంటే చెడిపోయింది. రిపేరు చేయడం అంటే బాగుచేయడం. రిపేరు రాదు అంటే చెడిపోదు. రెండు చిన్న వాక్యాల్లో ఒకే మాట చెడిపోవడానికీ బాగుపడడానికీ పనిచేసింది, వినేవాడికి ఎక్కడా అడ్డు తగల్లేదు. మరమ్మతుది కూడా ఇదే దారి. బస్సు మరమ్మతుకు గురై దారిలో నిలిచిపోయిందని పత్రికలు రాస్తాయి. మంచినీటి మోటారు మరమ్మతుకు గురైతే ఊరికి నీళ్ళుండవు. ఆ వాక్యాన్ని మాటకి మాటా తూచి చూసేవాళ్ళు, బాగుచేశాక బస్సు ఆగడమేమిటి అని దిద్దుతారు. మరమ్మతు కొట్టేసి చెడిపోయి అని రాస్తారు. అలా దిద్దడం నాకు సమ్మతం కాదు. ఇది పొరపాటున పుట్టిన వాడుక కాదు, తెలుగు వాక్యం లోపలి నడకలోంచి పుట్టింది. మనిషికి జ్వరం వస్తుంది, నిద్ర వస్తుంది, కోపం వస్తుంది. ఇవేవీ మనిషి చేసే పనులు కావు, అతనికి వచ్చి పడేవి. అందుకే మనం కి-విభక్తిలో నిలబెట్టి చెబుతాం. బండికి రిపేరొచ్చింది అన్నప్పుడు బండిని కూడా ఆ వరసలోనే నిలబెట్టాం. అది ఏ తప్పూ చేయలేదు, దానికి ఒక అవసరం వచ్చింది. చెడిపోయింది అనే మాటలో ఒక తీర్పు ఉంది. చెడిపోయిన పిల్లవాడు అన్నప్పుడు వినిపించేదీ ఆ తీర్పే. రిపేరొచ్చింది అనే మాటలో తీర్పు లేదు, తర్వాత చేయాల్సిన పని ఉంది.

ఇక మరమ్మతు పుట్టిల్లు చూద్దాం. ఇది అరబ్బీ మాట. అక్కడ మరమ్మ, పారసీకంలోకి వచ్చాక మరమ్మత్. ర, మ, మ అనే మూడు హల్లుల ధాతువు. అరబ్బీ నిఘంటువు తెరిస్తే రమ్మ అనే క్రియకి బాగుచేయడం, సరిచేయడం అని అర్థం కనిపిస్తుంది. అదే క్రియకి, అదే చోట, ఎముక శిథిలం కావడం, చివికిపోవడం అనే అర్థమూ ఉంటుంది. రమీమ్ అంటే చివికిన ఎముక, ఖురానులో యాసీన్ సూరాలో వచ్చే మాట. రుమ్మ అంటే నలిగి పీచుదేలిన పాత తాడు ముక్క. ఉమయ్యద్ ఖలీఫాల కాలంలో ఒక గొప్ప ఎడారి కవికి ఈ తాడు ముక్క పేరే బిరుదై నిలిచింది, ధుర్-రుమ్మ అంటారు. పాత తాడువాడు అని అర్థం. రెండు విరుద్ధార్థాలు మోసే ఇలాంటి మాటలని అరబ్బు పండితులు అద్దాద్ అని పిలిచి విడిగా పోగేశారు. 940లో కన్నుమూసిన ఇబ్న్ అల్-అన్బారీ వాటి మీద ఒక గ్రంథమే రాశాడు.

ఈ సంగతి తెలిసిన రోజున నేను మేస్త్రి మాటని మళ్ళీ తలచుకున్నాను. శిథిలమవడం, బాగుపడడం రెండూ ఒక ధాతువు కడుపున పుట్టాయి అరబ్బీలో. ఆ మాట పారసీకం గుండా, ఉర్దూ గుండా మనదాకా వచ్చేసరికి శిథిలార్థం దారిలోనే రాలిపోయింది. చేతికి వచ్చింది బాగుచేత ఒక్కటే. అరబ్బీ ముక్క రాని తెలుగువాళ్ళు తమ వాడుకతో ఆ రాలిపోయిన సగాన్ని మళ్ళీ పుట్టించారు, మరమ్మతుకు గురైంది అన్నారు. తర్వాత వచ్చిన రిపేరుకి కూడా అదే చేశారు. ఇంగ్లీషులో రిపేరుకి చెడిపోవడమనే అర్థమే లేదు, అది మనం ఇచ్చిందే. మాట ఎక్కడిదైనా, దానితో పనిపడిన మనుషుల బతుకు ఒకటే అయినప్పుడు అర్థం ఒకే చోటికి చేరుతుంది. అరిగేదే బాగవుతుంది. అరగని వస్తువుకి మరమ్మతుతో పనిలేదు, ఇక అరగడానికి ఏమీ మిగలని వస్తువుకీ పనిలేదు. ఈ రెంటికీ నడుమ వస్తువు బతికున్న కాలమంతా మరమ్మతుదే.

అన్ని వస్తువులూ ఈ మాట కిందకి రావు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని తొక్కుకుంటూ పోయాక ఇళ్ళకీ, స్తంభాలకీ, గట్లకీ మరమ్మతులు జరిగాయి. కొబ్బరిచెట్టుకి మాత్రం మరమ్మతు అనే మాట ఎవరి నోటా రాలేదు. మొవ్వు విరిగిన కొబ్బరి ఇక చిగురించదు.

రాచెట్ విప్పే పని మేస్త్రి నాకే వదిలాడు, పక్కన కూర్చుని చెప్పాడు. రాత్రంతా డీజిల్లో నానేశాక, తలకాయ వెనక రేకుకి ఉన్న మరమేకులు కదిలాయి. రేకు లేపితే గ్రీజు అనాల్సిన పదార్థం నల్లగా గడ్డకట్టి ఉంది. దాన్ని పుల్లతో గీకి, కిరసనాయిల్లో కుంచెతో కడిగితే పళ్ళు బయటపడ్డాయి. 24 పళ్ళు. అంటే ఒక్కో టిక్కుకి 15 డిగ్రీలు. ఇప్పుడు వచ్చే వాటిలో 72 పళ్ళు కూడా ఉంటాయి, 5 డిగ్రీలు కదిలితే చాలు. ఇరుకు చోట అది వరం. కానీ పన్ను సన్నమయ్యేకొద్దీ దాని మీద పడే బరువుని తట్టుకోవడం కష్టం. పాతది చెయ్యి ఎక్కువ తిరగమంటుంది, బదులుగా ముతక పళ్ళతో గట్టిగా పట్టుకుంటుంది. చక్రం పళ్ళకి దెబ్బ లేదు. జబ్బంతా నాలికలో ఉంది. నాలిక అంచు పంటికి నిటారుగా ఆనాలి. ఏళ్ళ తరబడి తగిలి తగిలి ఆ అంచు గుండ్రబడింది, బరువు పడగానే పంటి మీదకెక్కి జారిపోతోంది. స్ప్రింగు తుప్పుకి రెండు ముక్కలైంది.

అంచు సరిచేద్దామని ఆకురాయి పెడితే అది గీత కూడా పడకుండా జారింది. నాలికకి ఇచ్చిన పదును అంత గట్టిది. ఆకురాయి వల్లకాని చోట సానరాయి. నూనె చుక్క వేసి, నాలికని రాయి మీద ఒకే వాలులో పట్టి, నెమ్మదిగా రుద్దాలి. చెయ్యి వణికితే అంచు మళ్ళీ గుండ్రబడుతుంది. వెలుతురుకి ఎత్తి చూస్తే అంచు మీద తెల్లని మెరుపు కనిపించినంతకాలం అది ఇంకా మొద్దుగా ఉన్నట్టు. ఆ మెరుపు పోయిన క్షణాన అంచు కుదిరింది. షెడ్డు కుర్రాడు పాత కార్బురేటరు సామాను డబ్బాలోంచి సరిపడే స్ప్రింగు ఏరి ఇచ్చాడు. నేను గ్రీజు డబ్బా అందుకోబోతే మేస్త్రి ఆపాడు. "గ్రీజు దట్టించకండి మాస్టారూ, నాలిక బద్ధకిస్తాది. పల్చటి నూనె చుక్క చాలండి." గట్టి గ్రీజులో నాలిక పంటి సందులోకి దిగడానికి ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యంలోనే జారుడు ఉంది. పిడికి గొట్టం తొడిగి బలం చూపించవద్దని కూడా చెప్పాడు. పట్టేసిన నట్టుని ముందు రింగు పానాతో కదిలించి, ఆ తర్వాతే రాచెట్ పెట్టాలి. రాచెట్ బలానికి కాదు, వేగానికి.

నాలిక పంటి మీద ఒకవైపు జారుతుంది, రెండోవైపు పట్టుకుంటుంది. ఇది చూస్తున్నప్పుడు నాకు కక్కు కొడవలి గుర్తొచ్చింది. కొడవలి నోటికి కమ్మరి కొట్టే పళ్ళు కూడా ఒకే వైపు వాలి ఉంటాయి. లాగితే కోస్తుంది, తోస్తే దుబ్బు మీద ఊరికే జారుతుంది. ఒకవైపుకే పనిచేసే పంటికి కక్కు అనే మాట వరికోతల నాటినుంచీ మన దగ్గరుంది. రాచెట్ చక్రాన్ని కక్కు చక్రం అంటే గోదావరి రైతుకి వివరించి చెప్పే పనుండదు.

మరమ్మతులో మర వినపడుతుంది తెలుగు చెవికి. అరబ్బీ ధాతువులో మర లేదు. మొదటి మ అక్కడ నామం తయారుచేయడానికి ముందు చేర్చే అక్షరం మాత్రమే, అసలు మాట ర నుంచి మొదలవుతుంది. అయినా ఈ మాట తెలుగులో ఇంత హాయిగా ఇమిడిపోవడానికి, దురస్తు అనే మరో పారసీక మాటకంటే కోస్తాలో ఇది గట్టిగా నిలవడానికి, మన మర కొంత సాయపడి ఉంటుందని నాకు అనిపిస్తుంది. మర అంటే మొదట మెలిక తిరిగిన చుట్టు. మరమేకులో ఉన్నది అదే. ప్రయాణాల్లో నీళ్ళు పట్టుకెళ్ళిన మరచెంబులో ఉన్నదీ అదే. మూత బిగించే చుట్లు ఉన్న చెంబు కాబట్టి మరచెంబు. తర్వాత మర అంటే తిరిగే యంత్రం ఏదైనా. పిండిమర, మరమగ్గం, మరతుపాకి, మరమనిషి. ధాన్యం మరాడించడం అంటే మిల్లుకి పట్టించడం. మా రేవులో మరబోటు అంటే ఇంజను ఉన్న పడవ. ఒక మేకు చుట్టులోంచి బయల్దేరిన మాట సముద్రం మీద ఇంజను దాకా వెళ్ళింది. రెండింటికీ ఉమ్మడి తిరుగుడే.

మరలు, మరల, మళ్ళు, మళ్ళీ. ఇవన్నీ ఒక కుదురు మాటలు. మరలడం అంటే వెనక్కి తిరగడం. తిరిగి వచ్చి చేసేది కాబట్టి మరల చేసింది, మళ్ళీ చేసింది. కాలవ నీళ్ళని మళ్ళిస్తాం, పశువులని మళ్ళేస్తాం. మరని కూడా ఈ గుంపు పక్కన నిలబెట్టి చూడాలనిపిస్తుంది నాకు. రాచెట్ చేసే పని చూస్తే ఆ కోరిక ఇంకా పెరుగుతుంది. పిడి ముందుకు పోతుంది, మరలుతుంది, మళ్ళీ పోతుంది. మరలినప్పుడు నట్టు మాత్రం మరలదు. జరిగిన పని జరిగినట్టే ఉంచి చేతిని వెనక్కి పంపడం కోసమే ఆ నాలికా, ఆ పళ్ళూ.

రాచెట్ అనే మాట కూడా తిరుగుడులోంచే వచ్చింది. ఫ్రెంచిలో రోషె, ఇటాలియన్లో రొకెట్టో, దారం చుట్టే కండె పేర్లు. వాటికి మూలం జర్మానిక్ భాషల్లో పీచు చుట్టి వడికే కర్రకున్న పేరు. ఆకాశంలోకి వెళ్ళే రాకెట్ కూడా ఆ ఇటాలియన్ కండె కడుపునే పుట్టింది, ఆకారం పోలిక వల్ల. రాచెట్టూ రాకెట్టూ అక్కచెల్లెళ్ళన్నమాట. మన రాట్నానికి ఈ కుటుంబంతో సంబంధం లేదు. అది సంస్కృత అరఘట్టం నుంచి, అంటే నీళ్ళు తోడే చక్రం నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిందని పండితులు చెబుతారు. ఎక్కడో నూలు వడికే కర్ర పళ్ళచక్రం పేరయింది, ఇక్కడ నీళ్ళ చక్రం పేరు నూలు వడికే యంత్రానికి వచ్చింది. కోనసీమలో ఆ రాట్నం మీద నూలుకంటే ఎక్కువగా కొబ్బరి పీచు తిరిగింది, తాడైంది. ఆ తాడు ఉప్పునీళ్ళలో నాని, పీచుదేలి, ముక్కలైనప్పుడు అరబ్బీవాడి రుమ్మ అవుతుంది.

మరమ్మతు మా జిల్లాకి ఒట్టి మాటగా రాలేదు, ఒక శాఖగా వచ్చింది. ఈ ప్రాంతానికి ఉత్తర సర్కారులన్న పేరులోనే పారసీక పాలన ఉంది. సర్కారు, తహసీలు, జమాబందీ వచ్చిన బండిలోనే మరమ్మతు దిగింది. కంపెనీవాళ్ళు వచ్చాక కూడా మద్రాసు రాజధానిలో చెరువులూ కాలవలూ బాగుచేయించే పనిని మరామత్ అనే పేరుతోనే నడిపారు, ప్రజాపనుల శాఖ తర్వాత వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది కూడా 1852లోనే. ఆ తర్వాత రెండేళ్ళకి, తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకని ఆయన విడిగా మరో నిఘంటువు తెచ్చాడు. కచేరీల్లోనూ కాలవ గట్ల మీదా తిరిగే ఇలాంటి మాటలని చిన్నచూపు చూడకుండా పుస్తకంలోకి ఎక్కించినందుకు ఆయనకి మనం రుణపడి ఉన్నాం. ఆయన వెనక వచ్చిన నిఘంటుకారులు చాలామంది ఈ పని చేయలేదు.

తమిళంలో ఈ మాటకి ఇంకో బతుకు ఉంది. కుడిమరామత్తు అంటారు. కుడి అంటే అక్కడ ఊరి జనం, రైతులు. చెరువు పూడిక తీయడం, గట్టు గండి పూడ్చడం ఊరంతా కలిసి చేయాల్సిన వంతుపని అని దాని అర్థం. 1858లో మద్రాసు రాజధాని కోసం తెచ్చిన నిర్బంధ శ్రమ చట్టం, ఈ ఆచారపు చాకిరీకి కూడా చట్టబలం ఇచ్చింది. ఇష్టంగా చేసిన పని నిర్బంధమైనప్పుడు దాని రుచి మారిపోతుంది, అది వేరే కథ. మలయాళంలో పొదుమరామత్ అంటే ఏకంగా ప్రజాపనుల శాఖ. కొత్త వంతెన కట్టినా అది మరామత్తే. అక్కడ మాట బాగుచేతని దాటి కట్టడం దాకా విస్తరించింది. తెలుగులో అలా జరగలేదు. కొత్త వంతెనని మనం మరమ్మతు అనం. అరిగినదానితో ముడి తెంచుకోలేదు మన మరమ్మతు.

గోదావరి మధ్య డెల్టాలో మరమ్మతుకి ఒక ఋతువు ఉంది. రబీ పంట కోతకొచ్చాక వేసవిలో కాలవలు కట్టేస్తారు. నీళ్ళు తగ్గిన కాలవలో పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగి గట్టు మీద వేస్తారు, లాకుల తలుపులకి మరమ్మతులు చేస్తారు. పొలం పక్క బోదెలు రైతులే చూసుకోవాలి. ఏదీ విరగకపోయినా ఈ పని ఆగదు. ఏడాదికోసారి మరమ్మతు వస్తుంది, ఉగాది వచ్చినట్టే. పి.గన్నవరం దగ్గర వైనతేయ నది మీదుగా కాలవని దాటించిన పాత అక్విడెక్టు 1850లలో కట్టింది. కింద నది, పైన 49 కమానుల మీద సాగునీరు. పక్కన కొత్తది వచ్చేదాకా అవతలి లంకల పంటలు దాని మీదే ఆధారపడ్డాయి. ఒక్కసారి కట్టి వదిలేస్తే అన్నాళ్ళు నిలబడే కట్టడం కాదది.

తూము తలుపు పైకి లేపడానికి ఉండే మరని తిప్పేది లస్కరు. ఈ మాట కూడా చిత్రమైనది. పారసీకంలో లష్కర్ అంటే సైన్యం. పోర్చుగీసువాళ్ళ నోట్లో, తర్వాత ఇంగ్లీషువాళ్ళ ఓడల మీద లాస్కర్ అంటే నావికుడు. మా కాలవల మీదకి వచ్చేసరికి నీటి తలుపులకి కాపలాదారుడు. సైన్యంలోంచి ఓడలోకి, ఓడలోంచి కాలవ గట్టు మీదకి ఇన్ని నీళ్ళు దాటి వచ్చాడు లస్కరు. మరకి గ్రీజు పెట్టడం, తుప్పు పట్టకుండా చూడడం అతని పనే. ఆ ఉద్యోగాలు ఖాళీ అయినప్పుడు మళ్ళీ నింపకపోతే ఏమవుతుందో తూము తలుపులని చూస్తే తెలుస్తుంది. మర తిరగదు, గడ్డపారతో తలుపుని పొడుస్తారు, తలుపు వంగుతుంది. అప్పుడు దానికి మరమ్మతు చాలదు, కొత్త తలుపు కావాలి. గ్రీజు డబ్బా ఖర్చు మిగిలి తలుపు ఖర్చు మీద పడుతుంది. ఇది నాకు బాధ కలిగించే విషయం, దాచుకోను.

ఓడలరేవులో ఇనుము బతుకు మరీ కష్టం. వైనతేయ ఇక్కడే బంగాళాఖాతంలో కలుస్తుంది. పక్కనున్న బెండమూర్లంకలో ఇంగ్లీషువాళ్ళ వర్తకస్థావరం ఉండేది, ఊరి పేరులో ఓడలు అప్పటి రాకపోకలని చెబుతాయి. ఇప్పుడు ఓడల బదులు గొట్టాలు వస్తున్నాయి. సముద్రం అడుగునుంచి ఓఎన్‌జీసీ తీసే గ్యాసు ఇక్కడి టెర్మినల్‌కి చేరుతుంది. గాలిలో ఉప్పు ఎప్పుడూ ఉంటుంది. ఉప్పు గాలిలో తేమని పట్టుకుని ఇనుము మీద కూర్చోబెడుతుంది, తుప్పు నడక పెంచుతుంది. అందుకే ఇక్కడ టెర్మినల్ వాళ్ళకి వేళ పెట్టుకుని చేసే షట్‌డౌన్ పనులు ఎంతో, చేపలవాళ్ళకి వేట లేని రోజుల్లో ఇంజను విప్పి తుడుచుకోవడం అంత. చెడిపోయేదాకా ఆగి బాగుచేద్దామనుకునేవాడికి ఈ తీరంలో వస్తువు మిగలదు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలవలూ కట్టేసి ఉంటాయి. నీటి మీద మరబోటుకీ, నేల మీద తూముకీ మరమ్మతు ఒకే ఋతువులో వస్తుంది మా వైపు.

షెడ్డు మాటలని ఎవరో ఒకరు కూర్చుని రాసుకోవాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వచ్చింది. ఊరూరూ తిరిగి, నాగలిలో ఏ ముక్కని ఏ జిల్లాలో ఏమంటారో రైతులని అడిగి రాసుకున్న పుస్తకమది. తర్వాత చేనేత పదాలకి మరో సంపుటం వచ్చింది. నాగలికి చేసిన మర్యాద డీజిలింజనుకీ దక్కాలి. మెకానిక్కు నోట తెలుగూ ఉర్దూ ఇంగ్లీషూ కలిసి పారుతున్నాయని తీసిపారేస్తే, బ్రౌన్ రాసుకున్న మరమ్మతుని కూడా తీసిపారేయాల్సి వచ్చేది.

నేను మొదలుపెట్టాను. పానా, రింగు పానా, మర అరిగింది, మర ఎక్కలేదు, నట్టు ఏడిపిస్తోంది, పట్టేసింది, ఇంజను దగ్గుతోంది, నాలిక బద్ధకిస్తోంది. పట్టేసింది అనే మాట తుప్పుకీ, నడుము నొప్పికీ, పిసినారి చేతికీ ఒకేలా పనిచేస్తుంది. రాచెట్ దిశ మార్చే చిన్న మీటకి మా షెడ్డులో పేరు లేదు, వేలితో చూపించి ఇది అంటారు. నది అవతల కరవాకలోనూ ఇంజన్లు విప్పేవాళ్ళున్నారు. ఆ మీటకి వాళ్ళ దగ్గర పేరుందేమో ఈసారి కాలవలు కట్టేశాక వెళ్ళి అడగాలి.